ఏ పాడ్ ఏ మెషిన్ మీద దిగాల: కోర్సువాళ్లు చెప్పని సంగతి



గ్రూపులో ఈ మధ్య డెవాప్స్ కోర్సుల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "అన్నా, కుబర్నెటీస్ నేర్చుకుంటే బెంగళూరులో పని దొరుకుతాదా?" అని కొందరు. "అదంతా ఆటోమేటిక్ అయిపోతాండాది అంట, ఇంక మనం నేర్చుకుని ఏం చేయాల?" అని ఇంకొందరు. ఇద్దరికీ విడివిడిగా జవాబు రాయడం కంటే ఒకేసారి పెద్దగా రాద్దామని కూర్చున్నాం. మా మాట ముందే చెప్తాం. నేర్చుకోండి. ఆటోమేటిక్ అవుతోంది కాబట్టే నేర్చుకోండి. కానీ కోర్సుల్లో నేర్పేది ఒకటి, రేపు మిగిలే పని ఇంకొకటి.

మేమంటే ముదిగుబ్బ చుట్టుపక్కల తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి చదువుకుని బయటికొచ్చిన కొందరం. కొందరం బెంగళూరులో సపోర్టు ఉద్యోగాల్లో ఉన్నాం, కొందరం ఇంకా అనంతపురంలో చదువుతున్నాం. పెద్ద నిపుణులమేం కాదు. రాత్రి షిఫ్టుల్లో ఈ పని చేతులారా చేసినవాళ్లం, అంతే.

కంప్యూటర్ చదవని తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి మొదట రెండు ముక్కలు. ఒక ప్రోగ్రామునూ అది నడవడానికి కావాల్సిన సామానునూ కలిపి ఒక మూట కడతారు. ఆ మూటను ఇమేజ్ అంటారు, అది నడుస్తా ఉంటే కంటెయినర్. ఇట్లాంటివి వందలు, వేలు నడవాలంటే ఒక మెషిన్ చాలదు, మెషిన్ల గుంపు కావాల. ఆ గుంపు క్లస్టర్, అందులో ఒక్కో మెషిన్ నోడ్. ఒకటో రెండో కంటెయినర్లను కలిపి ఒక నోడ్ మీద దించే జట్టుకు పాడ్ అని పేరు. ఏ పాడ్ ఏ నోడ్ మీద దిగాలో చూసుకునే మేస్త్రీ కుబర్నెటీస్‌లో ఉంటాడు. ఆయన పేరు షెడ్యూలర్. కుబర్నెటీస్‌ను గూగుల్ 2014 జూన్‌లో బయటపెట్టింది, 2015 జులైలో 1.0 వచ్చింది. గ్రీకులో ఆ మాటకు ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. ఓడ సంగతి మనకెందుకు గానీ, మేస్త్రీ అంటే మన ఊర్లో అందరికీ తెలుసు.

బెంగళూరులో కూలీల అడ్డా చూసినోళ్లకు ఈ షెడ్యూలర్ పని కొత్తగా చెప్పాల్సింది లేదు. పొద్దున్నే మేస్త్రీ వస్తాడు. ఎవరు పనికిరారో ముందు పక్కన పెడతాడు. మిగిలినవాళ్లలో ఎవరు బాగుంటారో చూసి తీసుకుంటాడు. షెడ్యూలర్ కూడా అంతే, రెండు దశలు. మొదటిది వడపోత: ఈ పాడ్‌కు చాలినంత మెమరీ, సీపీయూ లేని నోడ్లను తీసేస్తుంది. రెండోది మార్కులు: మిగిలిన నోడ్లకు మార్కులు వేసి ఎక్కువ వచ్చినదాని మీద పాడ్‌ను దించుతుంది.

మెషిన్లన్నీ ఒకే జాతివి అయినంతకాలం ఇది బాగానే నడిచింది. సర్వర్ అంటే ఇంటెల్ రకమే అన్న రోజులవి. ఆ రకానికి కుబర్నెటీస్‌లో ఏఎండీ64 అని పేరు. ఇంటెల్ చిప్పుకు కూడా అదే పేరు, ఎందుకంటే ఆ 64 బిట్ల పద్ధతిని ముందు తయారుచేసింది ఏఎండీ కంపెనీ. ఇంటర్వ్యూలో ఇది అడిగితే తడబడొద్దు. తర్వాత 2018 నవంబరులో అమెజాన్ గ్రావిటాన్ అనే సొంత చిప్పు తెచ్చింది. అది ఆర్మ్ జాతిది, మన ఫోన్లలో ఉండే జాతి. 2020 నవంబరులో ఆపిల్ లాప్‌టాప్‌లు కూడా ఆర్మ్‌కు మారాయి. 2023లో మైక్రోసాఫ్ట్ కోబాల్ట్, 2024లో గూగుల్ యాక్సియాన్. పెద్ద పెద్ద క్లౌడ్ కంపెనీలన్నీ ఇటు తిరిగాయి. ఖర్చు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది అన్నది వాళ్ల లెక్క. కొన్ని బ్యాంకుల్లో ఐబీఎం పవర్, ఐబీఎం జెడ్ లాంటి వేరే జాతి మెషిన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇప్పుడు ఒకే క్లస్టర్‌లో రెండు మూడు జాతులు కలిసి ఉండడం మామూలైపోయింది.

అసలు తిప్పలు ఇక్కడ మొదలవుతాయి. షెడ్యూలర్ మూట విప్పి చూడదు. పాడ్ ఎంత మెమరీ అడిగింది, నోడ్‌లో ఎంత ఖాళీ ఉంది అన్నది చూస్తుంది గానీ, ఈ ఇమేజ్ ఏ జాతి చిప్పు కోసం కట్టింది అన్నది దానికి పట్టదు. ఏఎండీ64 కోసం మాత్రమే కట్టిన ఇమేజ్‌ను ఖాళీగా ఉందని ఆర్మ్ నోడ్ మీద దించేస్తుంది. అక్కడ అది లేవదు. లాగ్‌లో "ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్" అని ఒక్క లైను. మళ్లీ లేపుతుంది, మళ్లీ పడుతుంది. స్క్రీన్ మీద క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్. రాత్రి రెండు గంటలకు ఫోన్ వచ్చేది ఆ ఇమేజ్ కట్టిన డెవలపర్‌కు కాదు. సపోర్టులో కూర్చున్న మనోడికి.

మనోడు ఏం చేస్తాడు? ఆ పాడ్ ఫైలు తెరిచి నోడ్ సెలెక్టర్ అని ఒక లైను రాస్తాడు: ఇది ఏఎండీ64 నోడ్ల మీదనే దిగాల. సమస్య తీరింది. ప్రతి నోడ్‌కూ అది ఏ జాతిదో చెప్పే లేబుల్ కుబర్నెటీస్ తనంతట తానే తగిలిస్తుంది కాబట్టి ఈ లైను పని చేస్తుంది. చాలా కోర్సుల్లో "షెడ్యూలింగ్" అని మూడు రోజులు చెప్పేది ఈ లైను గురించే.

కానీ ఆ లైను అక్కడే ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత డెవలపర్ అదే ఇమేజ్‌ను రెండు జాతులకూ కట్టి పంపిస్తాడు. అది ఇప్పుడు చౌక ఆర్మ్ నోడ్ మీద కూడా హాయిగా నడవగలదు. కానీ ఫైల్లో ఆ లైను ఉంది కదా, దాన్ని ఎవరూ తీయరు. ఎందుకు పెట్టారో గుర్తున్నవాడు వేరే కంపెనీకి పోయింటాడు. తీస్తే ఏం పగులుతుందో అని కొత్తోడికి భయం. ఇట్లాంటి లైన్లు వందల ఫైళ్లలో పేరుకుపోతాయి. చౌక నోడ్లు ఖాళీగా పడి ఉంటాయి, ఖరీదైనవి కిక్కిరిసిపోతాయి. చేతితో లేబుల్ చూసి పాడ్లను దించే పద్ధతి పెద్ద క్లస్టర్లలో నిలవదు అని మేం అనేది ఇందుకే. తప్పు మనిషిది కాదు. ఒకప్పటి నిజాన్ని ఫైల్లో రాసిపెట్టి, అదే ఎప్పటికీ నిజమని నమ్మే పద్ధతిది.

దీనికి ఇప్పుడు వచ్చిన మార్గం చూడండి. 2022 డిసెంబరులో కుబర్నెటీస్ 1.26లో షెడ్యూలింగ్ గేట్ అనే చిన్న సౌకర్యం పెట్టారు, 2024లో 1.30 నాటికి అది పక్కాగా స్థిరపడింది. పాడ్ పుట్టగానే దానికొక గేటు వేయొచ్చు. గేటు తీసేదాకా షెడ్యూలర్ దాని జోలికి పోదు. ఈ గేటును వాడుకుని రెడ్ హ్యాట్ వాళ్లు తమ ఓపెన్‌షిఫ్ట్ కోసం మల్టీఆర్క్ ట్యూనింగ్ ఆపరేటర్ అనేదాన్ని 2024లో తెచ్చారు. అది చేసే పని ఇదీ. పాడ్ రాగానే గేటు వేస్తుంది. పాడ్‌లో ఉన్న ఇమేజ్‌లు ఏ రిజిస్ట్రీలో ఉన్నాయో అక్కడికి పోయి, ప్రతి ఇమేజ్ ఏయే జాతుల కోసం కట్టి ఉందో దాని చిట్టా చదువుతుంది. పాడ్‌లో ఒకటి కంటే ఎక్కువ కంటెయినర్లు ఉంటే, అన్నింటికీ ఉమ్మడిగా ఏ జాతి కుదురుతుందో లెక్క వేస్తుంది. ఆ జాతుల నోడ్ల మీదే దిగాలని పాడ్ మీద రాసి, గేటు తీసేస్తుంది. మిగతాది మామూలు షెడ్యూలర్ చూసుకుంటుంది.

ఉమ్మడి అన్న మాట దగ్గర కొంచెం ఆగండి. మీ అప్లికేషన్ రెండు జాతులకూ కట్టి ఉంది అనుకుందాం. దాని పక్కన లాగ్‌లు పంపే చిన్న కంటెయినర్ ఒకటి పెట్టారు, అది ఏఎండీ64కు మాత్రమే ఉంది. అప్పుడు మొత్తం పాడ్ ఏఎండీ64 నోడ్ల మీదకే పోతుంది. ఒక చిన్న పక్కవాద్యం వల్ల పాటంతా ఒకే ఊర్లో ఆగిపోయినట్టు. ఆటోమేషన్ పెట్టాం, అయినా ఆర్మ్ నోడ్లు ఖాళీగా ఉన్నాయేంది అని అడిగే మేనేజరుకు జవాబు చాలాసార్లు ఇదే. ఈ జవాబు ఆపరేటర్ చెప్పదు. చిట్టా చదవడం తెలిసిన మనిషి చెప్పాల.

మన వైపు పోలిక ఒకటి చెప్తాం. చెనిక్కాయ రైతు ఏ చేనుకు ఏ విత్తనం అన్నది ఎట్లా తేల్చుకుంటాడు? కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కే-6 మన ఎర్రనేలల్లో ఏళ్ల తరబడి వేశారు, తర్వాత అదే కేంద్రం నుంచి కదిరి లేపాక్షి వచ్చింది. విత్తనం కొనేటప్పుడు మా పెద్దోళ్లు సంచి మీద అచ్చు చూసి ఊరుకోరు. నాలుగు కాయలు ఒలిచి, గింజ చేతిలో పోసుకుని చూస్తారు. నోడ్ సెలెక్టర్ అంటే సంచి మీద అచ్చు. ఆపరేటర్ చేసేది గింజ చూడడం. రెండోదే సరైన పద్ధతని మా అభిప్రాయం. ఈ ఆటోమేషన్ వల్ల పని పోతుందని భయపడేవాళ్లతో మేం ఏకీభవించం. పోయేది అచ్చు చదివే పని. ఆ పని పోతేనే మేలు, రాత్రి రెండు గంటల ఫోన్లు కొన్నైనా తగ్గుతాయి.

అమెజాన్ మొదలుపెట్టిన కార్పెంటర్ అనేది ఒకటుంది, పేరు కె అక్షరంతో రాస్తారు. పాడ్లకు ఏం కావాలో చూసి కొత్త మెషిన్‌ను అదే ఎంచుకుని తెస్తుంది. "అది ఉండగా ఇంక ఇవన్నీ ఎందుకు" అని కోర్సు చేసొచ్చిన ఒక తమ్ముడు వాదించాడు. అది మెషిన్‌ను తెస్తుంది గానీ ఇమేజ్ లోపలికి తొంగి చూడదు. చౌకగా ఉందని ఆర్మ్ మెషిన్ తేవడానికి మీరు అనుమతి ఇచ్చి, ఇమేజ్ ఒకే జాతికి కట్టి ఉంటే, పాత తిప్పలే కొత్త మెషిన్ మీద పడతాయి.

వడపోత గురించి ఇంకో మాట. ఇది కొంచెం పక్కకు పోవడమే, అయినా మన గ్రూపులో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాం. కుబర్నెటీస్‌లో నియమం రెండు రకాలుగా రాయొచ్చు. "తప్పనిసరి" అని రాస్తే అది వడపోతలో చేరుతుంది, "ఇది ఉంటే మేలు" అని రాస్తే మార్కుల్లో చేరుతుంది. మార్కులతో పోయే చోట కూడా తప్పనిసరి అని రాయడం అందరికీ అలవాటు, అట్ల రాస్తే పాడ్లు దిగడానికి చోటు లేక వేలాడతాయి. కాలేజీల్లో జరిగే ప్లేస్‌మెంట్లూ ఇంతే కదా. టెన్త్‌లో 60, ఇంటర్‌లో 60, బీటెక్‌లో 60, మధ్యలో ఏడాది ఖాళీ ఉండకూడదు. ఇవన్నీ వడపోతలు. కరువు ఏడాది అమ్మానాన్నల వెంట వలస పోయి ఇంటర్ ఒక సంవత్సరం ఆలస్యమైన పిల్ల కోడ్ ఎట్లా రాస్తుందో చూసేదాకా కథ రాదు. వడపోతలో పడిపోయినోళ్లకు మార్కుల దశే లేదు. మూట విప్పి చూసే ఆపరేటర్‌ను మెషిన్ల కోసం కట్టారు, మనుషుల కోసం ఇంకా అచ్చు చదివే మేస్త్రీయే ఉన్నాడు. ఆ వడపోతలు మార్చమని కాలేజీల్లో అడగాల, అది వేరే పోరాటం. ఈలోపు చూపించడానికి మన చేతిలో ఒక పని ఉండాల.

అది ఎందుకు అత్యవసరమో చెప్తాం. అమెజాన్ క్లౌడ్ వాళ్ల హైదరాబాద్ కేంద్రం 2022 నవంబరులో తెరుచుకుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఆమోదించిన ఇండియాఏఐ మిషన్ కింద ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ లాంటి వేర్వేరు కంపెనీల చిప్పులను స్టార్టప్‌లకూ, విద్యార్థులకూ తక్కువ అద్దెకు ఇస్తున్నారు. ఇవన్నీ కలగూరగంప హార్డ్‌వేరే. ఇక్కడ జాతి ఒక్కటే చూస్తే చాలదు. ఏ జీపీయూ, ఎంత మెమరీ, ఒకే జీపీయూను ఇద్దరికి పంచొచ్చా, అన్నీ చూడాల. దీనికోసమే డైనమిక్ రిసోర్స్ అలోకేషన్ అనేది 2025లో కుబర్నెటీస్ 1.34లో స్థిరపడింది. ఖరీదైన జీపీయూ నోడ్ మీద మామూలు పాడ్లు ఎక్కి కూర్చోకుండా ఆ నోడ్‌కు టెయింట్ వేస్తారు, టెయింట్ అంటే మరక. మరకను ఓర్చుకునే అనుమతి ఉన్న పాడ్లే అక్కడికి పోగలవు. మరక అన్న మాట విని మనలో కొందరం నవ్వుకున్నాం, కొందరం నవ్వలేదు.

డేటా సెంటర్ల పునాదుల్లో కాంక్రీటు మోయడానికి మనోళ్లు ఎట్లాగూ పోతారు. మేస్త్రీలు పిలుచుకుపోతారు. కట్టిన తర్వాత లోపల కూర్చుని, ఏ పని ఏ చిప్పు మీద నడవాలో తేల్చేవాళ్లలో మన పిల్లలు ఉంటారా లేదా అన్నది ఇప్పుడు నేర్చుకునేదాన్ని బట్టి ఉంటుంది. ఆ తేల్చేదాంట్లో కొంత భాగం ఏ ఆపరేటరూ తీసుకోలేదు. అందరికీ చాలనంత జీపీయూ లేనప్పుడు ఎవరి పని ముందు నడవాల, ఎవరిది ఆగాల? కుబర్నెటీస్‌లో దానికి ప్రయారిటీ అంకెలు ఉన్నాయి. ఆ అంకెలు వేసేది మనిషి.

ఇక డబ్బుల సంగతి. అప్పు చేసి, మేక అమ్మి కోర్సు ఫీజు కట్టినవాళ్లు మనలో ఉన్నారు. చాలా కోర్సుల్లో ల్యాబ్ అంటే అన్నీ ఒకే రకం క్లౌడ్ మెషిన్లు. అక్కడ ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్ జన్మలో రాదు. ఈ విద్యకు కావాల్సింది తేడా తేడా మెషిన్లు, అవేమో మన దగ్గర పుష్కలం. ఒక పాత ఇంటెల్ లాప్‌టాప్, ఒక రాస్ప్‌బెర్రీ పై ఉంటే చాలు, రెండు జాతుల క్లస్టర్ తయారైనట్టే. కె3ఎస్ అని తేలికపాటి కుబర్నెటీస్ ఉంది, ఉచితం, ఒకే ఫైలు, 100 ఎంబీ లోపు, రెండు జాతుల మీదా నడుస్తుంది.

దాని మీద ఏం చేయాలంటే, మొదట ఒకే జాతికి కట్టిన ఇమేజ్‌ను ఏ లైనూ రాయకుండా వదలండి. ఎక్కడ దిగింది, లేచిందా పడిందా చూడండి. తర్వాత డాకర్‌లో బిల్డెక్స్‌తో అదే ఇమేజ్‌ను రెండు జాతులకూ కట్టండి. గో భాషలో రాసిన ప్రోగ్రామయితే ఇది చాలా సులువు. పైథాన్‌లో సీ భాషతో ముడిపడ్డ లైబ్రరీలు ఉంటే ఆర్మ్ మీద సతాయిస్తాయి, ఆ సతాయింపులోనే సగం చదువు ఉంది. లాప్‌టాప్ మీద ఆర్మ్‌ను నకలు చేసి కడితే చాలా నిదానం, టీ తాగి రావచ్చు. ఆ తర్వాత అసలైన పాఠం: పాడ్ ఫైల్లో మీరే ఒక షెడ్యూలింగ్ గేట్ రాయండి. పాడ్ "షెడ్యూలింగ్ గేటెడ్" అని ఆగి ఉంటుంది. అప్పుడు ఇమేజ్ చిట్టా మీరే చదివి, ఏ జాతి నోడ్ కావాలో పాడ్‌లో చేర్చి, గేటు తీయండి. గేటులో ఉన్న పాడ్ మీద నియమాలను బిగించవచ్చు, ఉన్నవాటిని సడలించడానికి కుబర్నెటీస్ ఒప్పుకోదు, ఎందుకో ఆలోచించండి. పెద్ద కంపెనీలో ఆపరేటర్ చేసేదంతా మీరు చేత్తో చేసినట్టే. ఇది ఒకసారి చేసినవాళ్లను ఇంటర్వ్యూలో ఎవరూ ఊరికే పంపలేరు.

మన ఊరి కరెంటు కూడా పాఠమే. కరెంటు పోగానే రాస్ప్‌బెర్రీ పై ఆరిపోతుంది, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తా ఉంటుంది. అందుకే క్లస్టర్‌కు పెద్దగా లాప్‌టాప్‌నే పెట్టండి. పై పడిపోయిన సుమారు 5 నిమిషాలకు దాని మీద ఉన్న పాడ్లను ఖాళీ చేయించి, వాటి బదులు కొత్తవి పుట్టిస్తుంది. డిప్లాయ్‌మెంట్‌గా పెట్టుంటేనే సుమా, ఒంటి పాడ్ పోతే పోయినట్టే. ఆ కొత్త పాడ్ లాప్‌టాప్ మీద లేస్తుందా? ఇమేజ్ రెండు జాతులకూ కట్టి ఉంటే లేస్తుంది. ఆర్మ్‌కు మాత్రమే కట్టి ఉంటే పోవడానికి చోటు లేదు. మేం ముదిగుబ్బలో అద్దె గదిలో ఇది పెట్టుకుని చూశాం. ఎండాకాలం సాయంత్రాల్లో ఈ పరీక్షకు ప్రత్యేకంగా ప్లగ్గు పీకాల్సిన అవసరం కూడా రాలేదు.

ఇప్పుడు చేయాల్సింది. ధర్మవరం, కదిరి, అనంతపురం హాస్టళ్లలో ఉన్నవాళ్లు తమ దగ్గరో, సీనియర్ల దగ్గరో మూలన పడిన మెషిన్లు ఏమున్నాయో చూడండి. లైనక్స్ ఎక్కించి "యూనేమ్ మైనస్ ఎమ్" కొట్టండి. ఎక్స్86_64 అని వస్తే అది ఏఎండీ64, ఆర్క్64 అని 'ఏ' అక్షరాలతో వస్తే ఆర్మ్64. ఐ686 అని వస్తే అది 32 బిట్ల పాతకాలం మెషిన్, కె3ఎస్ దాని మీద నడవదు, దాన్ని లైనక్స్ కమాండ్లు నేర్చుకోవడానికి తమ్ముళ్లకు ఇచ్చేయండి. వచ్చిన జవాబు, మెమరీ ఎంత, చార్జర్ ఉందా లేదా, ఏ ఊరు: ఈ నాలుగూ కింద రాయండి. ఒకే ఊర్లో రెండు జాతులు ఎక్కడ కుదిరితే అక్కడ మొదటి క్లస్టర్ పెడదాం. ముదిగుబ్బలో ఒక పై అదనంగా ఉంది, దానికి ఎస్‌డీ కార్డు మాత్రం తెచ్చుకోవాల.